చర్చిలో చెప్పుకున్న జీతాలు

మా పల్లె చర్చిలో ఆదివారం ఆరాధనలో పాటలకూ వాక్యానికీ నడుమ సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం తన బతుకులో జరిగిన మేలు గురించి ఎవరైనా లేచి నిలబడి చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనో, బోరులో నీళ్లు పడ్డాయనో, తప్పిపోయిన బర్రె దొరికిందనో, పిల్లవాడు ఇంటర్ గట్టెక్కాడనో చెబుతారు. చివర "దేవునికి స్తోత్రం" అంటారు. సంఘమంతా "స్తోత్రం" అని బదులు పలుకుతుంది. చిన్నప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి ఆ కాసేపూ నా మనసు ఎక్కడో తిరిగేది. ఒక ఆదివారం మాత్రం అట్లా తిరగలేదు. ఆ రోజు విన్నది ఇప్పటికీ చెవిలో ఉంది.

మా పల్లె మార్కాపురం నుంచి దొనకొండ వైపు వెళ్లే దారిలో ఉంటుంది. వానను నమ్ముకున్న చేలు. చేలల్లో పని లేని రోజుల్లో మావాళ్లు మార్కాపురం పోయి పలకల ఫ్యాక్టరీల్లో, కట్టుబడి పనుల్లో కూలి వెతుక్కునేవారు. నా వయసు వాళ్లు ఎదిగేసరికి అందులో ఆసుపత్రి పని కూడా చేరింది. మార్కాపురంలో ఒక డాక్టరుగారు పది మంచాలతో మొదలుపెట్టిన ప్రైవేటు ఆసుపత్రి అది. నేను నర్సింగ్ చదివి అందులో చేరేనాటికి మూడంతస్తులైంది. మా పల్లె నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ చాలామందిమి అక్కడే పనిచేసేవాళ్లం. పొద్దున్నే ఒకే ఆటోలో ఇరుక్కుని పోయేవాళ్లం.

మాలో అందరికంటే పాత మనిషి మా ఎదురింటి పెద్దమ్మ. చుట్టరికం లేకపోయినా నాకు పెద్దమ్మే. ఆసుపత్రిలో ఆయమ్మగా పది మంచాల నాడే చేరింది. రోగుల పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం, కదల్లేని వాళ్లను తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. ఎంత బరువు మనిషినైనా "ఏం కాదు నాయనా, ఇటు తిరుగు" అంటూ నొప్పి తెలియకుండా తిప్పేది. చర్చిలో మాత్రం వెనక గోడకు ఆనుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని కూర్చునేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె సాక్ష్యం చెప్పగా వినలేదు.

ఇంకొకామె ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసే అక్క. పక్క పల్లె. ఆరాధనకు మా చర్చికే వచ్చేది. కాలేజీలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, అక్క దగ్గర నేర్చుకున్నది ఒక ఎత్తు. పసిపిల్లల చేతికి సూది ఎట్లా పెట్టాలో, ఆపరేషన్ ముందు ట్రే ఏ వరసలో సర్దాలో చేయి పట్టుకుని నేర్పింది. మధ్యాహ్నం ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగితే, నన్ను డబ్బులు తీయనిచ్చేది కాదు. "చిన్నదానివి, ఊరుకో" అనేది.

కరోనా కాలం పోయిన తర్వాత, పెద్ద డాక్టరుగారికి వయసు మీదపడి, ఆసుపత్రిని వేరే ఊళ్లలో కూడా శాఖలున్న ఒక సంస్థకు ఇచ్చేశారు. కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడని అనలేను. ఆయమ్మలను కూడా "గారు" అని పిలిచేవాడు. వచ్చిన కొన్నాళ్లకు మమ్మల్ని ఒక్కొక్కరినే తన గదిలోకి పిలవడం మొదలుపెట్టాడు. నా వంతు వచ్చినప్పుడు ఇంగ్లీషులో టైపు చేసిన అగ్రిమెంటు నా ముందు పెట్టాడు.

"ఏమీ లేదు సిస్టర్‌గారూ, సంస్థ మారింది కదా, కాగితాలు కూడా మారాలి. సోమవారానికి సంతకం పెట్టి ఇచ్చేయండి."

"ఇంటికి తీసుకుపోయి చదువుకోవచ్చా సార్?"

"చదువుకోండి. కానీ దాని గురించి ఎవరితోనూ చర్చ పెట్టుకోకండి."

సాయంత్రం ఆటో ఎక్కేముందే చదివాను. ఇకనుంచి డ్యూటీ ఎనిమిది గంటలు కాదు, పన్నెండు. జీతం అంతే. సంస్థకున్న ఏ శాఖకైనా ఎప్పుడైనా పంపవచ్చు. పాత ఆసుపత్రిలో చేసిన సర్వీసు లెక్కలోకి రాదు, అందరూ కొత్తగా చేరినట్టే. చివర ఒక షరతు. తన జీతం ఎంతో ఉద్యోగి ఎవరికీ వెల్లడించకూడదు, వెల్లడిస్తే ఉద్యోగం పోతుంది.

ఆటోలో పెద్దమ్మ తన కాగితాలు నా ఒళ్లో పెట్టింది. "ఏంది మే ఇందులో? కొంచెం చదివి చెప్పు."

చెప్పాను. పన్నెండు గంటల మాటకు ఆమె నిట్టూర్చింది. సర్వీసు పోతుందన్న మాటకు బయటికి చూసింది. జీతం గురించిన షరతు దగ్గర నన్ను ఆపింది.

"చెప్పకూడదా? ఎవరికి?"

"ఎవరికీ చెప్పకూడదంట."

"మా ఇంట్లో ఆయనకి గూడానా?"

ఆటోలో అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. "నేనేమన్నా ఎత్తుకొచ్చుకుంటన్నానా, దాచిపెట్టుకునేదానికి?" అంది. కాగితాలు మడిచి కొంగులో చుట్టుకుంది.

ఆదివారం వచ్చింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు పట్టాల మీద కూర్చున్నాం. పాటలు అయిపోయాయి. ఒక ముసలాయన కంటి ఆపరేషన్ బాగా జరిగిందని సాక్ష్యం చెప్పాడు. పాస్టరుగారు ఎప్పటిలాగే "ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగారు. వెనక నుంచి గాజుల చప్పుడైంది. పెద్దమ్మ గోడ పట్టుకుని లేస్తోంది.

"దేవునికి స్తోత్రం. సంఘానికి వందనాలు," అంది. గొంతు సన్నగా ఉంది, కానీ తొట్రుపాటు లేదు. "నేను ఆసుపత్రిలో ఆయమ్మగా చేస్తన్నా. మీ అందరికీ తెలిసిందే. కాళ్లూ చేతులూ ఇంకా ఆడతన్నయి, దానికి స్తోత్రం. నాకు నెలకి ఎనిమిది వేలు ఇస్తన్నారు. ఈ మాట ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టమన్నారు. నేను చెమటోడ్చి తెచ్చుకునేది అది. దేవుని ముందర, మీ ముందర చెప్పుకోలేని సొమ్ము నా ఇంట్లోకి ఎట్ల తెచ్చుకునేది? అందుకని చెప్తన్నా. స్తోత్రం."

సంఘం "స్తోత్రం" అనడం మర్చిపోయింది. ఫ్యాను రెక్క ఒకటి కటకటమంటోంది, అంతే. పెద్దమ్మ కూర్చోలేదు. బదులు రావాలి కదా, దానికోసం నిలబడింది.

పాస్టరుగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. ఆయన ఆపేస్తారేమో అనుకున్నాను. ఆయన కళ్లు తెరిచి "స్తోత్రం" అన్నారు. తర్వాత అదే మామూలు గొంతుతో, "ఇంకెవరన్నా ఉన్నారా?" అన్నారు.

మగవాళ్ల వైపు నుంచి మా ఆసుపత్రి వార్డు బాయ్ లేచాడు. చేరి ఎన్నో ఏళ్లు కాలేదు. పెద్దమ్మ చేసే పనే, అదే వార్డులో. చేతులు కట్టుకుని, నేల చూస్తూ చెప్పాడు. "పెద్దమ్మా, నాకు పదకొండు వేలు ఇస్తన్నారు. పని నువ్వే నేర్పిచ్చినావు. నీకు నాకంటే ఎక్కువే ఇస్తన్నారు అనుకున్నా. నాకు తెలీదు పెద్దమ్మా."

ఆ తర్వాత ఊడ్చే పని చేసే ఇద్దరాడవాళ్లు ఒకరి వెనక ఒకరు లేచారు. తర్వాత థియేటర్ అక్క లేచింది. తెల్లచీర అంచు వేలికి చుట్టుకుంటూ, "నాకు పదహారు వేలు," అని కూర్చుంది.

నాకు పద్దెనిమిది వేల ఐదు వందలు. నేను చేరేనాటికి నర్సులు దొరకక, అడిగినంత ఇచ్చారు. అక్క ఏనాడో తక్కువకు చేరింది, ఆ తక్కువ మీదే ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. లేవకుండా ఉండగలిగేదాన్నే. ఎవరూ నన్ను చూడటం లేదు. కానీ ఆ గదిలో అప్పుడు కూర్చుని ఉండటం నా వల్ల కాలేదు. లేచి చెప్పాను. అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం వెతుక్కున్నాను. కనబడలేదు.

అంతటితో ఆగుతుందనుకున్నాను. మా నాయన లేచాడు. ఆయనకు ఆసుపత్రితో ఏ సంబంధమూ లేదు, జీవితమంతా చేలల్లో కూలి చేసిన మనిషి.

"నాది ఆసుపత్రి గాదు, చేను," అన్నాడు. "నేనూ మా ఇంటామె ఒకే చేలో కంది కోస్తాం. నా పక్క సాలే ఆమెది. నాకొక కూలి, ఆమెకొక కూలి. ఇన్నేళ్లు చేతులు చాపి తీసుకున్నా. ఎందుకట్ల అని ఒక్కరోజు గూడా అడగలేదు. ఈరోజు అది చెప్పుకోవాలనిపిచ్చింది. స్తోత్రం."

మా అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఈసారి సంఘం ఒక్క గొంతుతో "స్తోత్రం" అంది. కూలి తేడా అందరికీ తెలిసినదే, చేను గట్ల మీద రోజూ చూసేదే. కానీ దాన్ని పైకి అనడం విన్నప్పుడు, కళ్ల ముందే ఉన్న కొండను మొదటిసారి తలెత్తి చూసినట్టు అనిపించింది నాకు. ఇన్ని అంకెలు ఇన్నాళ్లూ ఒకే ఆటోలో, మోకాళ్లు తగులుతూ కూర్చుని ప్రయాణం చేశాయి. ఒకదానికొకటి తెలియకుండా.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర అక్క నా కోసం ఆగింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను. అక్కే నవ్వింది.

"నీకు ఎక్కువిస్తే నాకేం బాధ లేదు మే. నీకంటే నాకే ఎక్కువొస్తాదని ఇన్నాళ్లు టీ డబ్బులు నేనే ఇచ్చినా గదా, అది తల్చుకుంటే నవ్వొస్తంది." నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. నేనూ పెట్టను."

సోమవారం ఎవరూ సంతకం పెట్టలేదు. చర్చిలో జరిగింది మాకంటే ముందే ఆసుపత్రికి చేరింది. ల్యాబులో పనిచేసే భాయ్ మార్కాపురం టౌను మనిషి. రక్త పరీక్షల ట్యూబులు ఇవ్వడానికి వెళితే పని ఆపి నా వైపు తిరిగాడు.

"అక్కా, నిన్న మీ చర్చిలో అందరూ జీతాలు చెప్పుకున్నారంట గదా. నేనూ చెప్తా, ఇనండి." తన జీతం చెప్పాడు. ల్యాబులో అందరికంటే పాత టెక్నీషియన్ అయినా నాకంటే తక్కువే. "మా ఇంట్లో అమ్మీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పినా. మనసు హల్కా అయింది, బరువు దిగినట్టుంది." తర్వాత స్వరం తగ్గించి, "లేబర్ ఆఫీసు ఒకటుందంట. పోదామా?" అన్నాడు.

అక్క, భాయ్, నేను సెలవు పెట్టి వెళ్లాం. కార్మిక శాఖ ఆఫీసంటే ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. చిన్న గది, గోడవార ఫైళ్లు. అధికారి మధ్యవయసు మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని అగ్రిమెంటు మొత్తం చదివాడు.

"ఎవరన్నా సంతకం పెట్టారా?"

"లేదు సార్," అన్నాం.

"మంచిపని చేశారు. పని గంటలు, జీతం, సర్వీసు, ఇట్లాంటివి వాళ్లంతట వాళ్లు ఒక కాగితంతో మార్చడానికి లేదమ్మా. ముందుగా నోటీసు ఇవ్వాలి, మీరు చెప్పేది వినాలి. సంస్థ చేతులు మారినంత మాత్రాన మీరు చేసిన సర్వీసు మాయమైపోదు. ఎక్కువ గంటలు చేయించుకుంటే ఎక్కువ ఇవ్వాలి. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ, మగవాళ్లకు ఎక్కువ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు."

"మరి జీతం చెప్పకూడదనేది?" అని అడిగాను.

ఆయన అద్దాలు కిందికి దించుకుని నన్ను చూశాడు. "ఎవరి జీతం ఎంతో తెలియకపోతే, తేడా ఉందని నా దగ్గరికి ఎట్లా వస్తారు? నీ జీతం నువ్వు చెప్పుకోవద్దనే చట్టం నాకు తెలిసి ఎక్కడా లేదు. ఇప్పుడు నాకు చెప్పారు కదా, ఏమైంది?"

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాం. ఆ చట్టాలు నిన్నో మొన్నో వచ్చినవి కావు. పెద్దమ్మ పది మంచాల ఆసుపత్రిలో మొదటి పక్క మార్చిన రోజు కూడా, ఆడామగా ఒకే పనికి ఒకే జీతం అనే మాట ఎక్కడో అచ్చయి ఉంది. మనకు తెలిసినా తెలియకపోయినా మన కోసం ఒక మాట అట్లా ఉందంటే, నాకు ఆశ్చర్యమేసింది. భాయ్ అన్నాడు, "మనకోసం గూడా రాసిపెట్టినారు గదా అక్కా."

అందరం కలిసి అర్జీ పెట్టాం. మేనేజరుకు లేబర్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. మరునాడు ఆయన పెద్దమ్మను తన గదికి పిలిపించాడు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక కేసు షీట్లు చేతపట్టుకుని నేనూ వెంట వెళ్లాను. ఆయన నన్ను వెళ్లమనలేదు. అలసిపోయినట్టున్నాడు.

"ఆయమ్మగారూ, జీతం సంగతి బయట చెప్పకూడదని మీకు తెలుసు కదా. ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ చెప్పమనలేదు సార్."

"మరి షరతు తెలిసీ ఎందుకు చెప్పారు?"

"నేనింకా సంతకం పెట్టలేదు గదా సార్," అంది పెద్దమ్మ. ఎదురు చెబుతున్నట్టు కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు. "సంతకం పెట్టినాక చెప్తే మాట తప్పినట్టు అవుతాది. నాకు మాట తప్పడం ఇష్టం లేదు. అందుకే పెట్టను."

మేనేజరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాడు. "ఉద్యోగం పోతుందని భయం లేదా?"

"ఉంది సార్. రాత్రి అన్నం గూడా తినలేదు." అంతే చెప్పి, "మూడో వార్డులో తాతను తిప్పాల సార్, పోయి వస్తా," అని అడిగింది. ఆయన తలాడించాడు. ఆమె వెళ్లాక నాతో అన్నాడు, "నా జీతం కూడా నేను ఎవరికీ చెప్పకూడదు సిస్టర్‌గారూ. నాకిచ్చిన కాగితంలోనూ ఆ షరతు ఉంది." నేను ఎప్పుడూ ఆ కోణంలో ఆలోచించలేదు. ఆయనకూ పైన ఎవరో ఉన్నారు.

కార్మిక శాఖ ఆఫీసులో కూర్చుని మాట్లాడుకోవడం చాలా వారాలు సాగింది. సంస్థ నుంచి ఒక వకీలు వచ్చేవాడు. ఒకసారి ఒప్పుకున్నది మరోసారి కాదనేవారు. నడుమలో ఊడ్చేవాళ్లలో ఒకామె భయపడి పని మానేసి, ఒంగోలులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెను ఆపలేకపోయాం. భాయ్‌కి గిద్దలూరులో ఇంకో ల్యాబు నుంచి పిలుపు వస్తే పోయాడు. అక్కడ చేరేముందే అందరి జీతాలు అడిగి తెలుసుకున్నానని ఫోన్‌లో చెప్పి పెద్దగా నవ్వాడు.

చివరికి కొత్త అగ్రిమెంటు తయారైంది. దాన్ని తెలుగులో రాయాలని, అందరి ముందూ చదివి వినిపించాలని అక్క పట్టుబట్టింది. ఒక మధ్యాహ్నం ఓపీ హాల్లో మేనేజరే నిలబడి చదివాడు. మేమంతా గోడల వెంట నిలబడ్డాం. డాక్టరు కోసం ఎదురుచూస్తున్న జనం కుర్చీల్లోనే ఉన్నారు, వాళ్లను ఎవరూ లేవమనలేదు. యర్రగొండపాలెం నుంచి వచ్చిన ఒక ముసలామె చంకలో మనవడిని పెట్టుకుని మాతోపాటే వింది. పాత సర్వీసు లెక్కలోకి వస్తుంది. డ్యూటీ ఎనిమిది గంటలే, అంతకు మించి చేస్తే దానికి వేరే జీతం. వేరే శాఖకు పంపాలంటే మనిషిని అడగాలి. ఒకే పని చేసే ఆయమ్మలకూ వార్డు బాయ్‌లకూ ఒకే జీతం. జీతం చెప్పకూడదన్న షరతు లేదు.

అన్నీ దక్కలేదు. తక్కువిచ్చిన పాత ఏళ్ల తేడా ఇవ్వలేమన్నారు, అది ఇప్పటికీ తేలలేదు. అక్క జీతాన్ని రెండు విడతలుగా నా జీతం దాకా పెంచుతామన్నారు, నాకు ఆ ఏడు పెంపు ఆపేశారు. అది విన్నప్పుడు మనసు చివుక్కుమనలేదని చెప్పను. కానీ అక్కతో సమానంగా నిలబడటానికి నేను ఒక ఏడాది ఆగడంలో తప్పేమీ కనిపించలేదు.

చదవడం ముగిశాక పెద్దమ్మ ముందుకు వెళ్లి మొదటి సంతకం పెట్టింది. వేలిముద్ర వేస్తుందేమోనని మేనేజరు ఇంకు ప్యాడు జరిపాడు. ఆమె పెన్ను అడిగింది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, పెద్దగా రాసింది. హాల్లో అందరం ఆమె రాయడం అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాం.

ఆ తర్వాతి వేసవిలో మా దగ్గర ఒక కొత్త నర్సు చేరింది. పెద్దదోర్నాల పిల్ల, మొదటి ఉద్యోగం. మధ్యాహ్నం ఎదురు హోటల్లో టీ తాగుతుంటే అక్క ఆ పిల్లను ఏ ఊరని అడిగింది, తన ఊరు చెప్పింది, ఆ వెంటనే తన జీతం ఎంతో చెప్పింది. ఊరి పేరు చెప్పినంత మామూలుగా. ఆ పిల్ల ఒక్కక్షణం బిత్తరపోయి, తర్వాత తనకెంత ఇస్తామన్నారో చెప్పింది. అక్క "సరిగానే ఉంది, నాకు చేరినప్పుడు ఇంత రాలేదు," అని టీ గ్లాసు అందుకుంది. నేను వాళ్లిద్దరి ముఖాలూ అట్లా చూస్తూ ఉండిపోయాను, నా టీ చల్లారిపోయేదాకా.